టీఎన్ బండికి తిరుపతి పన్ను

తిరుపతి,
ఆదివారం పొద్దున.

నాయన తర్వాత నాయనంతటివాడవైన అన్నకు, తమ్ముడు మునిరత్నం కాళ్ళు తాకి రాసుకుంటున్న సంగతులు.

ఇక్కడ నేను, రేవతి, పాప ముగ్గురమూ బాగున్నాము. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? వదిన దగ్గు తగ్గిందా? మరమగ్గాలు రెండు పూటలా ఆడుతున్నాయా, పగలు మాత్రమేనా? మేము బాగున్నామని ముందు అమ్మకు చెప్పి, తర్వాత మిగతాది చదువుకో. ఉత్తరం లావుగా ఉందని కంగారు పడొద్దు. లోపల కొన్ని ఫారాలు పెట్టాను, అందుకే ఆ లావు. ఒంట్లో ఎవరికీ ఏమీ లేదు, బాగున్నాము.

చేతిలో ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వుకుంటావు. ఫోనులో నేను కారు కాగితాల మాట ఎత్తిన ప్రతిసారీ మగ్గంలో పోగు తెగిందని చెప్పి ఫోను అమ్మ చేతికిస్తున్నావు. ఈ నెలలో నాలుగుసార్లు తెగింది. అమ్మేమో కూరేం చేసుకున్నారని అడుగుతుంది, నేను చెబుతాను, అంతటితో సరి. ఉత్తరాన్ని అలా ఇంకొకరి చేతిలో పెట్టి తప్పించుకోలేవు. నీ పేరు మీద వచ్చింది, నువ్వే చదవాలి.

ఇక్కడ మృగశిర దాటినా ఎండ తగ్గలేదు. పగలంతా కొండ తాగిన వేడి సాయంత్రమయ్యేసరికి ఊరి మీదికి దిగుతుంది. లాడ్జిలో నా పని మామూలే, దుప్పట్ల గది నాదే. ఉతికి వచ్చినవి చూసి తీసుకోవడం, చిరిగినవి పక్కన పెట్టడం. గుడ్డ చేతికి తగలగానే ఎన్నో నంబరు నూలో చెప్పేస్తానని మేనేజరు వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురిసిపోతాడు. జీతం సంగతి మాత్రం ఎత్తడు. తిండికి లోటు లేదు, కానీ ఇక్కడి అంగళ్ళలో దొరికే, పులుసులో వేసే కొళంబు పొడిలో అమ్మ వేయించే ధనియాల వాసన రాదు. ఇటువైపు ఎవరైనా వస్తుంటే ఒక డబ్బా ఇచ్చి పంపు.

ఇక అసలు సంగతి. ఏడు వారాలుగా నేను పురాణ ప్రసంగం చెయ్యడం లేదు. శనివారం శనివారం భజనకు పోతున్నాను, తాళం వేస్తున్నాను, హారతి తీసుకుని వస్తున్నాను. గ్రంథం సంచిలోనే ఉంటోంది. నోరు తెరిస్తే నిప్పులు కురుస్తాయని జనం చెప్పుకునే నీ తమ్ముడు, చాపమీద ఒక మూల కూర్చుని తాళం వేసుకుంటున్నాడు. దీనికంతా కారణం నువ్వు ఇచ్చిన కారు. నీ తప్పని అనడం లేదు. తప్పు ఎక్కడ మొదలైందో తెలియకనే ఇంత రాస్తున్నాను.

కారు ఇచ్చిన రోజు నువ్వే కదా పిలిచావు. "పని మందగించింది, బండి షెడ్డులో ఊరికే దుమ్ము పట్టిపోతోంది, నువ్వేమో మృదంగం నెత్తిన పెట్టుకుని బస్సుల్లో తిరుగుతున్నావు, తీసుకుపోరా" అన్నావు. చీటీ పాడి తెచ్చిన డబ్బు తమలపాకుల మీద పెట్టి నీ చేతికిచ్చాను. అమ్మ కర్పూరం తిప్పింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాము. కాగితం మాట నువ్వూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మన వీధిలో అన్నదమ్ములు కాగితం రాసుకున్నారంటే వాటాలు పంచుకుంటున్నారనే కదా అర్థం. పొద్దుగూకేలోపల ఊరంతా పాకుతుంది. ఆ భయంతో పొయ్యి మీంచి అన్నం దించినంత సులభంగా బండి చేతులు మార్చేశాము. ఏడాదిన్నర అయింది. కాగితంలో బండి ఇప్పటికీ నీదే.

తిరుపతిలో టీఎన్ నంబరు ఉన్న తమిళనాడు బండిని ఎవరూ పట్టించుకోరు. ఏ సందులో చూసినా దర్శనానికి వచ్చిన మన వైపు బండ్లే. మొదటిసారి చిత్తూరు రోడ్డులో తనిఖీవాళ్ళు ఆపినప్పుడు నేను అద్దం దించేలోపలే, వెనక కూర్చున్న మన మృదంగం చెంగల్రాయుడు తల బయటపెట్టి దర్శనానికి వచ్చినామని చెప్పేశాడు. ఆపినాయన నా నుదుటి నామం చూసి, దండం పెట్టి పంపించాడు. నేను ఊరుకున్నాను. నా నోటితో అన్నది కాదు కదా అని సర్దుకున్నాను. రెండోసారి కూడా చెంగల్రాయుడే చెప్పాడు. మూడోసారి అతను బండిలో లేడు.

మూడోసారి నేనే చెప్పాను అన్నా. ఒళ్ళో గ్రంథం ఉంది. నుదుట నామం ఉంది. దేవుడి పేరు చెప్పి దేవుడి ఊళ్ళోనే అబద్ధం ఆడాను. పైగా ఆపినాయన, మీరు పెద్దవాళ్ళు, ఎండన పడి వచ్చినారని మంచినీళ్ళ సీసా ఇచ్చాడు. ఆ నీళ్ళు తాగాను కూడా.

ఆ వారమే కార్వేటినగరంలో ప్రసంగం. పంటలో ఆరో భాగం రాజుదని, రాజు భాగం ఎగ్గొట్టినవాడు పక్కింటి గాదె తవ్విన దొంగతో సమానమని ఎత్తుకున్నాను. ఎంత ఎత్తుకున్నానంటే మైకు గుయ్యిమంది. పొలాలు దాచుకున్నవాళ్ళను, తూకం తగ్గించే మామిడి మండీ వాళ్ళను, ఎవరినీ వదలలేదు. జనం చప్పట్లు కొడుతున్నారు. ముందు వరసలోంచి తెల్ల మీసాల పెద్దాయన ఒకాయన లేచాడు. బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాడని తర్వాత తెలిసింది.

"స్వామీ, ఒక సందేహం. రాజు భాగం ఎగ్గొట్టేవాడు దొంగ అంటిరి. బయట నిలబెట్టిన టీఎన్ బండి ఎవురిది?"

"నాదే" అన్నాను.

"తమరు యాడుంటారు?"

"తిరుపతిలో. ఎనిమిదేండ్లుగా."

"బండి మాత్రం దర్శనానికి వచ్చినట్టుండాదే. ఇంగా క్యూలోనే ఉండాదా స్వామీ?"

ఆడవాళ్ళ వైపు నుంచి కూడా నవ్వులు వచ్చాయి. చెంగల్రాయుడు మృదంగం మీద తల వాల్చి నవ్వడం నా కంట పడింది. పెద్దాయన నవ్వలేదు. తాను ముప్పై ఏళ్ళు టికెట్లు కొట్టానని, దేవుడి పేరు గట్టిగా పలికేవాళ్ళ దగ్గరికే ముందు పోయి టికెట్టు అడిగేవాణ్ణని చెప్పి, నాకు నమస్కారం పెట్టి కూర్చున్నాడు. గ్రంథం మూసి, ఈ బండికి ఈ రాష్ట్రపు పన్ను కట్టేదాకా జనంలో దీన్ని తెరవనని అందరి ముందూ చెప్పి దిగివచ్చాను. కోపంలో అన్న మాట కాదు. మాట పలికిన నోరు ఒకటి, నడిచే కాలు ఒకటి అయితే ఇన్నేళ్ళు నేను చెప్పిందంతా చిల్లర అరుపే కదా.

పన్ను కట్టడం ఎంత పని, ఒక పూటలో కట్టేసి వద్దామనుకున్నాను. లాడ్జిలో సెలవు చెప్పి, గ్రంథం సంచీతో రవాణా ఆఫీసుకు పోయాను. ఇక్కణ్ణుంచి నాకు తల తిరగడం మొదలైంది, నీకూ తిరుగుతుంది, నిదానంగా చదువు.

నువ్వు బండి కొన్నప్పుడు అక్కడ జీవితకాలపు పన్ను కట్టేశావు. జీవితకాలమంటే బండి బతికినన్నాళ్ళని నేను అనుకున్నాను. కాదట. ఆ రాష్ట్రంలో ఉన్నన్నాళ్ళేనట. పొలిమేర దాటి ఏడాది గడిస్తే ఇక్కడి నంబరు వేయించి, ఇక్కడ మళ్ళీ జీవితకాలానికి కట్టాలి. చావకుండానే పునర్జన్మ అన్నమాట, పోయిన జన్మలో చేసుకున్న పుణ్యం ఈ జన్మకు చెల్లదు. సరే, అదైనా నేను నీకిచ్చిన డబ్బు మీద లెక్కకడతారా అంటే అదీ లేదు. బండి కొత్తగా ఉన్నప్పటి ధర మీద, వయసును బట్టి కొంత తగ్గించి. ముసలాయనకు చొక్కా కుట్టాలంటే పెళ్ళినాటి కొలతలు తెమ్మన్నట్టుంది. అందుకని నువ్వు కొన్ననాటి బిల్లు కావాలి. నాయన ఇనప్పెట్టెలో పట్టాల కింద ఉంటుంది, వెతుకు.

అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి తిరిగి ఇస్తారా? ఆఫీసు ముందు గొడుగు కింద కూర్చున్న బ్రోకరు ఇస్తారన్నాడు. అతని పక్కన కూర్చున్నవాడు, ఇస్తారు గానీ ఎవరి పేరున కట్టారో వాళ్ళకే ఇస్తారన్నాడు. మూడోవాడు అర్జీ పెట్టి మరిచిపొమ్మన్నాడు. ముగ్గురూ ఒకే గొడుగు కింద, ఒకే టీ పంచుకుని తాగుతూ చెప్పారు. ఎవరిని నమ్మాలి?

ఇంటికి వచ్చి గ్రంథం తిరగేశాను. నవ్వొద్దు. అందులో రథాలకు కొదవ లేదు. గుర్రాల రంగు కూడా రాసి ఉంది. ఒక రాజ్యంలో పుట్టిన రథం ఇంకో రాజ్యంలో నిలిచిపోతే సుంకం ఏ రాజుకు కట్టాలో మాత్రం ఎక్కడా కనిపించలేదు. నాకు గురువు లేడు. మగ్గం ముందు కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుని నేర్చుకున్న చదువు. పెద్ద చదువు చదివినవాళ్ళకు ఎక్కడైనా కనబడుతుందేమో.

డబ్బు కాదు నా బాధ. ఈసారి చీటీ కూడా నాకే వస్తుంది, కడతాను. రెండోసారి ఆఫీసుకు పోయినప్పుడు కిటికీ దగ్గర కూర్చున్నామె నా ఆధారు కార్డు చూసింది, బండి కాగితం చూసింది, మళ్ళీ నా మొహం చూసింది.

"స్వామీ, మీరు తమిళనాడు. బండి తమిళనాడు. ఇంగ మాకెందుకు కడతారు?"

నేను ఈడనే ఉండానమ్మా, ఎనిమిదేండ్లాయ, ఈ ఊరి నీళ్ళే తాగతా ఉండాను అన్నాను. ఆమె విసుక్కోలేదు. నాకంటే చాలా చిన్న పిల్ల, నెమ్మదిగానే చెప్పింది.

"ఉండేది చాలదు స్వామీ. ఉండేట్టు కాగితం కావాల."

బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. రోడ్డు మీద ఆపినవాళ్ళకు నిజం చెబితే నేను ఈ ఊరివాణ్ణి, పన్ను కట్టాలి. కిటికీ దగ్గర నిజం చెబితే నేను ఆ ఊరివాణ్ణి, కట్టనక్కర్లేదు. రెండు చోట్లా నేను చెప్పింది నిజమే. ఒకే నిజం రెండు చోట్ల రెండు రకాలుగా ఎలా ఉంటుందో ఇన్నేళ్ళ ప్రసంగాల్లో ఎవరికీ చెప్పలేదు, నాకెవరూ చెప్పలేదు.

నా కార్డులో ఊరు ఎందుకు మార్చుకోలేదో నీకు నేను చెప్పక్కర్లేదు. చెంగల్రాయుడికి మాత్రం చెప్పాల్సి వచ్చింది, అతనికి మన తలకట్టు అంటే ఏమిటో తెలియదు. పెళ్ళైన ప్రతి మగవాడూ మా వీధిలో ఒక తల, ఆడి నెలలో, అంటే మీ ఆషాఢంలో, జరిగే జాతరకు తలకింత అని వీధికి పన్ను కడతాము, కార్డులో మా వీధి విలాసం ఉన్నవాడి పేరే తలకట్టు పట్టీలో ఉంటుంది అని చెప్పాను. కార్డు ఇంకో ఊరికి పోతే చందా ఇవ్వొచ్చు గానీ వీధివాళ్ళు కూడే కూటంలో వాడి మాట చెల్లదు, అమ్మవారి ముందు వాడి పేరు చదవరు అని కూడా చెప్పాను. అంతా విని, "అంటే స్వామీ, తల ఆడ ఉండాది, మొండెం ఈడ తిరగతా ఉండాదా?" అన్నాడు. కొట్టబోయాను. తర్వాత నవ్వొచ్చింది. ఆ తర్వాత చాలాసేపు నవ్వు రాలేదు.

పట్టీ చదివేది నువ్వు. నాయన పోయినప్పటి నుంచి నువ్వే. నీ పేరు తర్వాత నా పేరు. అందుకే కదా మొదటిసారి నేను కార్డు మారుస్తానన్నప్పుడు, పోగు తెగకముందు, నువ్వు ఆ మాటన్నావు.

"కార్డు మారిస్తే పట్టీలో నీ పేరు నేనే కొట్టెయ్యాల రా. నా సేత్తో నేనెట్ల కొట్టేసేది? బండి అట్లనే తిప్పుకో. ఎవురడగతారు?"

అడిగారు అన్నా. కార్వేటినగరంలో అడిగారు.

నా వైపు నుంచి ఒకసారి చూడు. వీధికి ఒక్క ఏడాది కూడా తలకట్టు ఎగ్గొట్టలేదు. పాప పుట్టిన ఏడు చేతిలో పైసా లేకపోయినా రేవతి జుమికీలు కుదువపెట్టి కట్టాను. అది ధర్మం అనుకున్నాను, ఇప్పటికీ అనుకుంటున్నాను. ఈ ఊరి రోడ్డు మీద తిరుగుతూ, ఈ ఊరి బడిలో పాపను చదివించుకుంటూ, ఈ ఊరి ఆసుపత్రిలో రేవతికి పురుడు పోయించుకుని, ఈ రాష్ట్రానికి కట్టాల్సింది ఎగ్గొట్టడం ధర్మమా? రెండు పన్నులూ న్యాయమైనవే. ఒకటి కట్టాలంటే రెండోది నా నుంచి తీసుకోరు. ఇదే నాకు ఎంత గింజుకున్నా అర్థం కాని చిక్కు. ఒకరోజు ఇది సరి అనిపిస్తుంది, మర్నాడు అది సరి అనిపిస్తుంది. దుప్పట్లు మడుస్తూ మధ్యలో ఆగిపోతున్నాను, పక్కవాడు కదిలిస్తేగానీ మళ్ళీ చెయ్యి ఆడదు.

రేవతి మాత్రం తికమక పడలేదు. ఒక రోజంతా నా ముఖం చూసి, సాయంత్రం అన్నం పెడుతూ అంది: "దినామూ ఈడి నీళ్ళల్లో మునగతా ఈడ తింటా, నేను ఈ ఊరోణ్ణి కాదంటా ఉండావే. ఊరు వినింటే బాధపడదా?"

ఇప్పుడు నీకు చెప్పాల్సిన సంగతి. ఇంతసేపు చుట్టూ తిప్పాను, ఇక తిప్పను.

పోయిన సోమవారం నా కార్డు మార్పించేశాను. లాడ్జి యజమాని ఇంటి బాడుగ కాగితానికి సాక్షి సంతకం పెట్టాడు. బుధవారానికి ఫోనులో మెసేజి వచ్చింది, నా విలాసం ఇప్పుడు తిరుపతి. చెప్పకుండా చేశాను. అడిగితే నువ్వు వద్దంటావు, నువ్వు వద్దంటే నేను చెయ్యలేను, అందుకని అడగలేదు. దీనికి నువ్వు ఎంత తిట్టినా పడతాను. మెసేజి వచ్చినప్పుడు ఏదో గెలిచినట్టు ఉంటుందనుకున్నాను. దుప్పట్ల గది తలుపు వేసుకుని కాసేపు కూర్చున్నాను. నాయన పేరు పక్కన ఉన్న ఊరి పేరు పోయి ఇంకో ఊరి పేరు వచ్చింది, అంతే కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పుకుంటే తగ్గలేదు.

ఇక నా వైపు పని అయిపోయింది, నీ వైపు పని మిగిలింది. బండి నీ పేరున ఉంది గనుక, అది ఇంకో రాష్ట్రానికి పోవడానికి అభ్యంతరం లేదనే పత్రం నువ్వు అర్జీ పెడితేనే అక్కడి ఆఫీసు ఇస్తుంది. దాన్నే ఎన్‌ఓసీ అంటారు. అది లేకపోతే ఇక్కడ నేను ఎంత డబ్బు పట్టుకుని నిలబడ్డా పన్ను కట్టించుకోరు. ఫారాలన్నీ కవరులో పెట్టాను. నీ సంతకం రావాల్సిన చోట పెన్సిలుతో చిన్న గుర్తు ఉంది. బండి ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీసి అదీ పెట్టాను, మూడుసార్లు తీస్తేగానీ సరిగా పడలేదు, మడత పడకుండా చూసుకో. ఇన్సూరెన్సు కాగితం, పొగ పరీక్ష కాగితం నా దగ్గరే ఉన్నాయి. అప్పట్లో తీసుకున్న బ్యాంకు అప్పు తీరిపోయినా బ్యాంకు పేరు కాగితంలోంచి కొట్టేయించావో లేదో చూడు, లేకపోతే వాళ్ళ దగ్గర ఒక పత్రం తేవాలి. ఇదంతా నీకు రెండు పూటల తిరుగుడు. మగ్గాలు వదిలి పోవాలంటే కష్టమే, తెలుసు.

జాతర కూటం ఆడి మొదటి శుక్రవారం కదా. పట్టీలో నా పేరు ఉంచి చదవొద్దు. నా మీద ప్రేమతో నువ్వు అబద్ధం చదివితే, నేను చిత్తూరు రోడ్డులో ఆడిన దానికంటే అది పెద్దది. అక్కడ విన్నది ఒక్కడు, ఇక్కడ వీధంతా అమ్మవారి ముందు నిలబడి వింటుంది. నా పేరు కొట్టెయ్యి. నీ చేత్తో కొట్టెయ్యలేకపోతే పట్టీ నా చేతికివ్వు, నేనే కొట్టేస్తాను. అమ్మకు నువ్వేమీ చెప్పొద్దు. వచ్చే గురువారం నేనే వచ్చి ఆమె పక్కన కూర్చుని చెబుతాను. ఏడుస్తుంది. ఏడవనీ. నా మాట వినాల్సింది నా నోటి నుంచే.

సంతకం పెట్టడం నీకు ఇష్టం లేకపోతే అదీ నాకు ముఖం మీదే చెప్పు, పోగు మీదికి నెట్టొద్దు. నేను కోపం పెట్టుకోను. గురువారం కారులోనే వస్తాను, దాన్ని నీ షెడ్డులో నిలబెట్టి, తాళం నీ చేతిలో పెట్టి బస్సెక్కుతాను. మళ్ళీ మృదంగం నెత్తిన పెట్టుకుని తిరుగుతాము, దానికి మాకేమీ సిగ్గు లేదు. అప్పుడు పన్ను కట్టాల్సిన బండి ఉండదు గనుక గ్రంథం తెరవడానికీ నాకు అడ్డు ఉండదు. కానీ అన్నా, ఆ బస్టాండులో మన వీధివాళ్ళు ఎవరైనా కనబడి ఎక్కడికి పోతున్నావు మునిరత్నం అని అడిగితే, ఎనిమిదేళ్ళుగా చెబుతున్నట్టు పని మీద తిరుపతికి పోతున్నానని చెప్పను. ఇంటికి పోతున్నానని చెబుతాను.

అమ్మకు, వదినకు నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. ఎదురింటి పెద్దమ్మను, వీధిలో పెద్దవాళ్ళందరినీ అడిగానని చెప్పు. నువ్వు సంతకం పెట్టినా, పెట్టకపోయినా తమ్ముడి తల మీద చెయ్యి పెట్టి దీవించడం మానొద్దు. ఎండ మాటున తిరుగు, మజ్జిగ తాగు, ఒళ్ళు చూసుకో.

నీ దీవెన కోసం చూసే
తమ్ముడు
మునిరత్నం
తిరుపతి.